ఇరుకు సందులో సన్నని తీగలు: ముందు అతుకులను విడదీయండి, పూత సంగతి తర్వాత

మీరు అడిగింది ఇదీ: సంక్రాంతి బొమ్మల కొలువు కోసం కొండపల్లి ఎడ్లబండికి రెండు బుల్లి లాంతర్లు వెలిగించాలని, పోలుగర్రలో 2 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, 36 గేజి ఎనామిల్ తీగలు (వార్నిష్ లాంటి పూత ఉన్న రాగి తీగలు) దూర్చారు. ఎల్ఈడీ కాళ్లకు తీగలు అతికిన చోట ఒకదానికొకటి తగిలి షార్టు అవుతున్నాయి. 1 మిల్లీమీటరు హీట్ ష్రింక్ స్లీవు (వేడికి కుంచించుకునే గొట్టం) తొడిగితే రంధ్రంలో పట్టడం లేదు. నల్ల టేపు చుడితే తోసేటప్పుడు ఊడి వస్తోంది. కరెంటు ఇచ్చేది 5 వోల్టుల మొబైల్ ఛార్జరు. నెయిల్ పాలిష్ పూస్తే సరిపోతుందా, లేక ఇంకేదైనా మంచి పూత ఉందా?

సూటి జవాబు: సరిపోతుంది. 5 వోల్టులకు రంగులేని నెయిల్ పాలిష్ రెండు పలుచని పూతలు చాలు. అయితే మీ అసలు ఇబ్బంది పూతలో లేదు. రెండు అతుకులూ పక్కపక్కనే ఉండటమే మీ ఇబ్బంది. ఒక అతుకును ఎల్ఈడీకి దగ్గరగా, రెండోదాన్ని 12-15 మిల్లీమీటర్లు వెనక్కి పెట్టండి. అప్పుడు ఒక్కో అతుకు పక్కన ఉండేది ఎనామిల్ చెక్కుచెదరని తీగే. రెండు నగ్న ప్రదేశాలు ఎదురుపడవు. మీ దగ్గర ఉన్న స్లీవు కూడా అప్పుడు పట్టేస్తుంది. లెక్క చూడండి: 1 మిల్లీమీటరు స్లీవు కుంచించుకున్నాక కూడా బయటి మందం మిల్లీమీటరుకు కాస్త పైనే ఉంటుంది. అలాంటివి రెండు పక్కపక్కన 2 మిల్లీమీటర్ల రంధ్రంలో పట్టవు. ఒక స్లీవు, దాని పక్కన ఒక ఎనామిల్ తీగ అయితే 1.3 మిల్లీమీటర్లు. హాయిగా దూరుతుంది.

ముప్పై ఏళ్లుగా రిపేరు బల్ల ముందు కూర్చుంటున్నాను. మొదట ఫ్యాన్లు, మోటార్ల వైండింగ్, తర్వాత రేడియోలు, వినికిడి యంత్రాలు, కెమెరాలు, ఇప్పుడు చేతికొచ్చినదల్లా. చోటు లేదని వచ్చిన ప్రతివారూ "ఇంకా పలుచని టేపు ఉందా" అనే అడుగుతారు. ఉంది, చెబుతాను. కానీ పలుచని టేపు కోసం వెతికే ముందు, ఆ ఇరుకులో అతుకు ఉండాల్సిన అవసరం ఏమిటని అడగాలి. ఎనామిల్ తీగకు పుట్టుకతోనే పూత ఉంది. ఫ్యాక్టరీలో పొరమీద పొరగా పూసి, కొలిమిలో కాల్చిన పూత అది. మనం బల్ల మీద కుంచెతో వేసేది దానికి సాటి రాదు. అందుకే రంధ్రం పొడవునా ఒకే తీగను అతుకు లేకుండా లాగి, తీగ రెండో కొసన వచ్చే అతుకును బండి అడుగున, చోటున్న దగ్గర పెట్టుకోవాలి. ఇరుకులో మిగిలేది ఎల్ఈడీ దగ్గరి అతుకులు మాత్రమే.

ఇక కారణాల్లోకి వస్తాను. 5 వోల్టులు గాలిని చీల్చుకుని దూకలేవు. మామూలు గాలిలో నిప్పురవ్వ దూకాలంటే, సందు ఎంత చిన్నదైనా, సుమారు 330 వోల్టులు కావాలి. కాబట్టి మీ పనిలో ఇన్సులేషన్ అంటే వోల్టేజిని ఆపడం కాదు, లోహం లోహాన్ని తాకకుండా చూడటం, అంతే. వెంట్రుకలో సగం మందం పూత అయినా చాలు, అది అక్కడే నిలిచి ఉంటే. నిలవకపోవడానికి కారణం ఒరిపిడి. తీగను తోసినప్పుడు రంధ్రపు అంచు గీసుకుంటుంది, బొమ్మను ఎత్తి దించినప్పుడల్లా తీగ అటూ ఇటూ కదులుతుంది. మీ నల్ల టేపు ఊడింది జిగురు చెడ్డదై కాదు. అది 0.12 మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న సాగే ప్లాస్టిక్. 0.2 మిల్లీమీటర్ల తీగ చుట్టూ తిప్పితే వెనక్కి విచ్చుకోవాలనే చూస్తుంది. లావు తీగకు పనికొచ్చేది సన్న తీగకు పనికిరాదు.

పూతకన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. మీ ప్రశ్నలో దాని ఊసు లేదు కాబట్టి చెప్పక తప్పదు. రెసిస్టర్‌ను, అంటే కరెంటును అదుపులో ఉంచే చిన్న భాగాన్ని, ఎల్ఈడీ దగ్గర కాదు, ఛార్జరు వైపు పెట్టండి. చాలామంది ఎల్ఈడీ కాలికే రెసిస్టర్ అతికి, ఆ రెంటినీ కలిపి సందులో కుక్కుతారు. అలా చేస్తే రెసిస్టర్‌కు ముందున్న తీగంతా ఛార్జరు పూర్తి బలంతో ఉంటుంది. సందులో షార్టు అయితే ఆ బలమంతా మీ సన్న తీగలోంచే పోతుంది. అదే రెసిస్టర్ మొదట్లో ఉంటే, లోపల రెండు తీగలు పూర్తిగా అతుక్కుపోయినా ఏమీ కాదు. 5 వోల్టులకు 220 ఓముల రెసిస్టర్ పెడితే తెల్ల ఎల్ఈడీకి దాదాపు 9 మిల్లీ ఆంపియర్లు అందుతాయి. షార్టు అయినా 23 మిల్లీ ఆంపియర్లు దాటదు. రెసిస్టర్‌లో పుట్టే వేడి 0.11 వాట్లు. పావు వాటు రెసిస్టర్ దాన్ని రోజంతా భరిస్తుంది. లాంతరు గుడ్డిగా వెలగాలంటే 1000 ఓములు పెట్టుకోండి, 2 మిల్లీ ఆంపియర్ల వెలుగే బొమ్మకు అందంగా ఉంటుంది. రెండు ఎల్ఈడీలకు రెండు విడి రెసిస్టర్లు వాడాలి, ఒకదానితో సరిపెట్టవద్దు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత పొరపాటే కారణం. ఒక ఇళ్ల నమూనాకు వీధి దీపాలు అమర్చే పని వచ్చింది. అట్టతో, థర్మకోల్‌తో చేసిన నమూనా. అడుగున ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన లిథియం సెల్లు. తీగలు ఇవే, ఎనామిల్‌వి. రెసిస్టర్లన్నీ సెల్లు దగ్గర కాక దీపస్తంభాల అడుగున పెట్టాను. సెల్లుకూ వాటికీ నడుమ తీగ ఒక ఇనుప మేకు అంచున ఒరుసుకుంది. ఒక్క క్షణంలో తీగ ఎర్రగా కాలి, థర్మకోల్‌లో కత్తితో కోసినట్టు గాడి పడింది, గదంతా పొగ. సెల్లు లాగి పారేశాను కాబట్టి సరిపోయింది. లిథియం సెల్లు షార్టు అయితే పదుల ఆంపియర్లు వదులుతుంది. గుండీ సెల్లుకు ఆ బలం లేదు. ఛార్జరు ఈ రెండింటికీ మధ్యస్థం. ఏదైనా సరే, రెసిస్టర్ కరెంటు బయల్దేరే మొదట్లోనే ఉండాలి.

తీగ గురించి నాలుగు మాటలు. దుకాణంలో 36 గేజి అని అడిగితే మన దగ్గర ఇచ్చేది బ్రిటిష్ కొలత, అంటే ఎస్‌డబ్ల్యూజీ. రాగి మందం 0.19 మిల్లీమీటర్లు. ఆన్‌లైన్‌లో కొన్నది అమెరికన్ గేజి కావచ్చు, అందులో 36 అంటే 0.127 మిల్లీమీటర్లే. ఒకే అంకెకు ఇంత తేడా ఉంది కాబట్టి మిల్లీమీటర్లలో అడగడం మేలు. మీ పనికి ఇంకా సన్నని 40 ఎస్‌డబ్ల్యూజీ, అంటే 0.12 మిల్లీమీటర్ల తీగ కూడా చాలు. అది మీటరుకు ఒకటిన్నర ఓములు. 20 మిల్లీ ఆంపియర్లకు మీటరులో పోయేది 0.03 వోల్టు, లెక్కలోకే రాదు. కాకపోతే అంత సన్నని తీగ చేతిలో తెగుతుంది. కొత్తవారికి 36 మంచిది.

ఎనామిల్‌లోనూ రకాలున్నాయి. పాలీయురెథేన్ పూత ఉన్న తీగను గీకక్కరలేదు. సాల్డరింగ్ ఐరన్‌ను 380-400 డిగ్రీలకు పెట్టి, మొనకు టంకం బొట్టు పట్టించి, తీగ కొసను అందులో రెండు మూడు సెకన్లు ముంచితే పూత కాలిపోయి టంకం అంటుకుంటుంది. ఆ పొగ మంచిది కాదు, కిటికీ తెరిచి చేయండి, ముఖం పైన పెట్టకండి. మోటార్లకు వాడే వేడిని తట్టుకునే తీగ అయితే ఇలా కాలదు, బ్లేడుతోనో సన్న గరుకు కాగితంతోనో గీకాలి. ఇక్కడే చాలామంది అవసరానికి మించి గీకేస్తారు. 3 మిల్లీమీటర్ల అతుక్కి 15 మిల్లీమీటర్లు నగ్నం చేసి, ఆ తర్వాత పూత కోసం వెతుకుతారు. 3 మిల్లీమీటర్లే గీకితే దాచాల్సింది 3 మిల్లీమీటర్లే.

అతుకు నున్నగా ఉండాలి. టంకం ముల్లులా పొడుచుకొస్తే ఏ పూతా నిలవదు. ద్రవం ఏదైనా పదునైన మొన మీద నుంచి పక్కలకు జారిపోతుంది, ఎక్కడ కావాలో అక్కడే పలుచనవుతుంది. రెండు తీగలను మెలితిప్పి ముడిలా చేయడం కన్నా, పక్కపక్కన పడుకోబెట్టి టంకం వేస్తే సన్నగా ఉంటుంది. తర్వాత ఫ్లక్స్ (టంకం అంటుకోవడానికి వాడే జిగట పదార్థం) మరకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవాలి. ఫ్లక్స్ మీద పూసిన పూత జిడ్డు మీద అంటించిన స్టాంపు లాంటిది.

ఇప్పుడు పూతలు. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది బజారులో ఏ ప్యాకెట్‌లోనూ దొరకదు. కుట్టుదారం, దాని మీద వార్నిష్. సన్నని పాలిస్టర్ దారంలో ఒక పోగు విడదీసి, అతుకు మీద పక్కపక్కన వరసగా చుట్టి, పైన నెయిల్ పాలిష్ తాగించాలి. పాలిష్ ఒక్కటే అయితే ఒరిపిడికి గీరుకుపోతుంది. దారం ఒక్కటే అయితే విప్పుకుంటుంది. రెండూ కలిస్తే దారం దూరాన్ని కాపాడుతుంది, పాలిష్ దారాన్ని పట్టి ఉంచుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. విద్యుదయస్కాంతాలు చేసిన తొలినాళ్లలో, 1830 ప్రాంతంలో, అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ తీగకు పట్టు చుట్టే వాడాడు. 1831లో ఫారడే తన ప్రసిద్ధ ఇనుప వలయంలో తీగలను దారంతో, నూలు గుడ్డతో వేరుచేశాడు. ప్లాస్టిక్ లేని కాలంలో వాళ్లకు నడిచినది మీ ఎడ్లబండికి నడవదా? ఇంట్లో పట్టుచీర అంచు పోగు దొరికితే అదీ బాగుంటుంది, జరీ పోగు మాత్రం వద్దు. అది లోహం, ఇన్సులేషన్ బదులు షార్టు చుట్టినట్టవుతుంది.

దీన్ని నేను నేర్చుకున్నది జేబు వినికిడి యంత్రాల తీగల దగ్గర. ఆ తీగల లోపల రాగి తీగ ఉండదు, దారం చుట్టూ మెలితిరిగిన రాగి రేకు ఉంటుంది, వంగినా తెగకుండా. రిటైరైన బడిపంతులు ఒకాయన మూడు నెలలకోసారి అదే తీగ తెగి తెచ్చేవారు. నేను ప్రతిసారీ స్లీవు తొడిగి ఇచ్చేవాణ్ణి. స్లీవు గట్టిగా ఉండటం వల్ల తీగ దాని అంచు దగ్గరే వంగి మళ్లీ అక్కడే తెగేది. చివరికి విసుగొచ్చి దారం చుట్టి వార్నిష్ వేసి, చివరన చుట్లను ఎడం చేస్తూ పోయాను. గట్టిదనం ఒక్కసారిగా ఆగిపోకుండా మెల్లగా మెత్తబడింది. ఆ తర్వాత ఆయన ఆ తీగ కోసం రాలేదు, గోడ గడియారం పట్టుకుని వచ్చారు.

నెయిల్ పాలిష్ వాడేటప్పుడు రంగులేనిదే తీసుకోండి, మెరుపు తళుకులున్నవి వద్దు, ఆ తళుకుల్లో లోహపు పొడి ఉండవచ్చు. పలుచగా ఒక పూత, అరగంట ఆగి ఇంకొకటి, రాత్రంతా వదిలేసి పొద్దున్న దూర్చండి. ఒకే లావు పూత వేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది. తోయగానే తోలు ఒలిచినట్టు లేచిపోతుంది. తప్పు జరిగితే అసిటోన్‌తో తుడవవచ్చు, బొమ్మకు మాత్రం దూరంగా ఉంచండి. కొండపల్లి రంగు మీద ఒక బొట్టు పడితే ఎద్దుకు బొల్లి వచ్చినట్టవుతుంది.

పలుచని టేపు సంగతి చెబుతానన్నాను కదా, అది కాప్టన్. తేనె రంగులో ఉంటుంది. అసలు పొర 25 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), జిగురుతో కలిపి 60 మైక్రాన్ల చుట్టుపక్కల. 260 డిగ్రీల వేడి తగిలినా చలించదు, మొబైల్ రిపేరు దుకాణాలన్నింటిలో ఉంటుంది. దాన్ని 3 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కగా కోసి, తీగకు అడ్డంగా కాదు, పొడవునా మడతపెట్టి అంటించండి, జెండా మడిచినట్టు. తర్వాత మిగిలిన అంచు కత్తిరించండి. చదునైన చోట, ఉదాహరణకు ఎల్ఈడీ వెనక రెండు కాళ్ల మధ్య, దీన్ని మించినది లేదు. గుండ్రని సన్న తీగ చుట్టూ మాత్రం ఇదీ విచ్చుకోవాలనే చూస్తుంది, పైన ఒక చుక్క పాలిష్ కావాలి.

అదే మొబైల్ దుకాణంలో ఆకుపచ్చ యూవీ మాస్క్ అని సిరంజిలో దొరుకుతుంది. జంపర్ తీగలు (తెగిన దారిని కలిపే సన్న తీగలు) వేశాక పైన పూసి, యూవీ దీపం కింద పెడితే నిమిషాల్లో గట్టిపడుతుంది. చాలా బాగుంటుంది, అయితే వెలుగు పడిన చోటే గట్టిపడుతుంది. రంధ్రం లోపల పూసి బయట దీపం పెడితే లాభం లేదు. పూసి, గట్టిపరచి, ఆ తర్వాత దూర్చాలి.

స్లీవే కావాలనుకుంటే కొననక్కరలేదు. కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తెచ్చే పాత లాన్ కేబుల్ ముక్క తీసుకోండి. లోపలి ఎనిమిది తీగల్లో ఒకదాన్ని ఒక అంగుళం కోసి, రాగిని పట్టకారుతో లాగేస్తే మిగిలేది అర మిల్లీమీటరు బోలు ఉన్న గొట్టం, బయటి మందం మిల్లీమీటరు లోపే. రెండు సన్న తీగలను పడుకోబెట్టి వేసిన అతుకు అందులో సరిగ్గా పడుతుంది. ఏ స్లీవైనా టంకం వేయకముందే తీగకు ఎక్కించాలి. అందరికీ తెలిసిన సంగతే, అందరూ మరచిపోయేదే. నేను మొన్న కూడా మరచిపోయాను. ఎక్కించాక అతుకు నుంచి దూరంగా జరపండి, లేకపోతే టంకం వేడికే అది కుంచించుకుని సగం దారిలో బిగుసుకుంటుంది. అంత చిన్న హీట్ ష్రింక్‌కు వేడి గాలి గన్ను అక్కరలేదు. వెలిగించిన అగరుబత్తి కొనను తాకకుండా దగ్గరగా తిప్పితే చాలు, మసి కూడా పట్టదు.

వద్దనేవి రెండు. సూపర్ గ్లూ పెళుసు, తీగ వెంబడి పాకి దాన్ని పుల్లలా చేస్తుంది, చుట్టుపక్కల రంగు మీద తెల్ల బూజులా పొర కడుతుంది. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ ఇంకా చెడ్డది. ఆ వాసన ఆమ్లానిది, రాగిని తినేస్తుంది. అలాంటి సిలికోన్ నింపిన గేటు గంట తీగను ఒకసారి కోసి చూశాను. లోపల ఆకుపచ్చ పొడి తప్ప రాగి లేదు. రెండు గొట్టాల ఎపాక్సీ జిగురు మాత్రం మంచి ఇన్సులేటరే. తీగలు రంధ్రం నుంచి బయటికొచ్చే చోట ఒక బొట్టు వేస్తే, ఎవరైనా లాగినా ఆ లాగుడు అతుకు దాకా పోదు.

అంచుల సంగతి. మీది తెల్ల పొణికి కర్ర, మెత్తనిది, తీగను పెద్దగా గాయపరచదు. అయినా రంధ్రం రెండు చివర్లనూ కాస్త లావు డ్రిల్ బిట్టును చేతితోనే తిప్పి, గరాటులా మెత్తబరచండి. ఇత్తడి బొమ్మ అయితే ఇది తప్పనిసరి. ఇత్తడి నెమలికి కళ్లలో దీపాలు పెట్టినప్పుడు, వారం తర్వాత ఒక కన్ను ఆరిపోయిందని తెచ్చారు. అతుకు బాగానే ఉంది, రంధ్రం అంచు ఎనామిల్‌ను గీరేసింది. అలాంటిచోట తీగకు కాదు, రంధ్రానికే లాన్ తీగ తొడుగు ముక్కను బుష్‌లా దిగ్గొట్టాలి.

దూర్చే ముందు పరీక్షించండి. మల్టీమీటర్ (రెండు తీగలు తగిలితే మోగే కొలత యంత్రం) మోగలేదంటే బాగున్నట్టు కాదు, ఆ క్షణానికి తగల్లేదని మాత్రమే. చిన్న గిన్నెలో ఉప్పు కలిపిన నీళ్లు తీసుకుని, ఎల్ఈడీ మునగకుండా పూత వేసిన అతుకును మాత్రం వంచి ముంచండి. మీటరును ఎక్కువ ఓముల మీద పెట్టి, ఒక పుల్ల నీళ్లలో, ఇంకొకటి తీగ రెండో కొసకు తాకించండి. అంకె కనబడిందంటే పూతలో సూదిబెజ్జం ఉన్నట్టే. తర్వాత మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, ఇంకో పూత వేయండి. తోసిన తర్వాత తీగలను కదిలిస్తూ మామూలు షార్టు పరీక్ష మళ్లీ చేయాలి.

ఒక హద్దు గీయాలి. నేను చెప్పిన దారం, పాలిష్, ఎనామిల్ అన్నీ 5, 12 వోల్టుల సంగతి. 230 వోల్టులకు ఇందులో ఒక్కటీ వర్తించదు. మన ఇంటి కరెంటు శిఖరం 325 వోల్టుల దాకా పోతుంది, పైగా అక్కడ షార్టు కన్నా చేతికి షాకు పెద్ద ప్రమాదం. ఎనామిల్ తీగను ఫ్యాన్ లోపల ఇనుప డొక్కలో పెడతారు, చేతికి అందేచోట పెట్టరు. చోటు లేదని మెయిన్స్ తీగ మీద టేపు తగ్గించాల్సి వస్తే, ఆ తీగ అక్కడ ఉండకూడదని అర్థం. కెమెరా ఫ్లాష్ కెపాసిటర్ కూడా ఈ జాబితాలోదే, సెల్లు తీసేశాక కూడా 300 వోల్టులు పట్టుకుని కూర్చుంటుంది.

మీ బండికి నేనైతే ఇలా చేస్తాను. ఎల్ఈడీలను బయటే, బల్ల మీదే అతుకుతాను. ఒక కాలికి దగ్గరగా, రెండో కాలికి 15 మిల్లీమీటర్ల వెనకగా. వెనక అతుక్కి దారం, పాలిష్. ఎల్ఈడీ వెనక కాప్టన్ ముక్క. రాత్రంతా ఆరనిచ్చి, ఉప్పునీళ్ల పరీక్ష చేసి, తీగ కొసలను ముందుగా దూర్చి అటువైపు నుంచి లాగుతాను. తోయడం కన్నా లాగడం మేలు, తోస్తే సన్న తీగ మడతపడి అక్కడే ఎనామిల్ పగులుతుంది. బండి అడుగున రెసిస్టర్లు, వాటి ముందు ఒక బెత్తెడు తీగను చుట్టగా వదిలేస్తాను. ఎల్ఈడీ మాడిపోతే మళ్లీ బయటికి లాగి అతకడానికి ఆ బెత్తెడే పనికొస్తుంది. మీరు పంపిన ఫొటోలో తీగలను అంచుకు కత్తిరించేసినట్టు కనబడుతోంది, కాబట్టి ఈసారి కొత్త తీగతోనే మొదలుపెట్టండి.